చలికాలంలో గదిలో గాలి ఎండిపోతోంది: పళ్లెంలో నీళ్లు పెడితే చాలదా, హ్యూమిడిఫయర్ కొనాల్సిందేనా?

మంచుపొద్దు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మూడు వారాలుగా రాత్రిపూట పడకగదిలో ఎలక్ట్రిక్ హీటర్ వేసుకుని పడుకుంటున్నాం. పొద్దున లేచేసరికి నోరు పిడచకట్టుకుపోయి ఉంటోంది. పెదవులు పగిలి, ముక్కు లోపల పక్కులు కట్టి, చీదినప్పుడు ఒక్కోసారి సన్నటి నెత్తుటి చార కనిపిస్తోంది. ఆరేళ్ల మా అమ్మాయికి మోచేతుల దగ్గర, పిక్కల మీద చర్మం తెల్లగా పొట్టు రేగి, నిద్రలోనే గోక్కుంటోంది. తలుపు గడియ ముట్టుకుంటే షాక్ కొడుతోంది. చీకట్లో ఉన్ని దుప్పటి లాగితే చిటపటలతో పాటు చిన్న చిన్న మెరుపులు కూడా కనిపిస్తున్నాయి. వానాకాలంలో బిగుసుకుపోయి భుజం పెట్టి తోస్తే తప్ప తెరుచుకోని గది తలుపు, ఇప్పుడు చౌకట్టుకి వేలెడు దూరంలో వదులుగా ఊగుతోంది.

హీటర్ గాలిలోని తేమంతా పీల్చేస్తుందని, గదిలో ఒక పళ్లెం నిండా నీళ్లు పెట్టుకుంటే సరిపోతుందని తెలిసినవారు చెబితే వారం రోజులుగా అలాగే చేస్తున్నాను. తేడా ఏమీ తెలియలేదు. తేమ శాతం చూపించే చిన్న డిజిటల్ మీటరు ఒకటి కొని పెడితే, పళ్లెం ఉన్న రాత్రీ 22 చూపిస్తోంది, లేని రాత్రీ 22 చూపిస్తోంది. గది పొడవు నాలుగున్నర మీటర్లు, వెడల్పు నాలుగు, ఎత్తు మూడు మీటర్లు ఉంటుంది. హీటర్‌ని 24 డిగ్రీల దగ్గర ఉంచుతున్నాం. బయట తెల్లవారుజామున 2 డిగ్రీల దాకా పడిపోతోంది.

నా సందేహాలు ఇవి. పళ్లెం ఎందుకు పనిచేయడం లేదు? తడి తువ్వాలు ఆరేస్తే నయమా? హ్యూమిడిఫయర్ కొనక తప్పకపోతే, వాటిలో ఆవిరి వచ్చేవి, పొగమంచులా వచ్చేవి, ఫ్యాను ఉన్నవి అని ఇన్ని రకాలున్నాయి కదా, పిల్లలున్న గదికి ఏది మంచిది? స్వయంగా వాడినవారు చెబితే మేలు.

తూనికరాయి

మంచుపొద్దు గారూ, మీ ప్రశ్నలోనే ఒక అపోహ ఉంది, ముందు దాన్ని తొలగిద్దాం. హీటర్ తేమను పీల్చుకోదు. హీటర్ వేయకముందు మీ గదిలోని ఒక ఘనమీటరు గాలిలో ఎన్ని గ్రాముల నీటి ఆవిరి ఉందో, వేసిన తరవాతా ఇంచుమించు అన్నే గ్రాములు ఉంటాయి. మారేది గాలి దాహం. సున్నా డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలిలో సుమారు 4.8 గ్రాములకు మించి నీటి ఆవిరి నిలవలేదు. 20 డిగ్రీల దగ్గర 17.3 గ్రాముల దాకా నిలుస్తుంది. 24 డిగ్రీల దగ్గర దాదాపు 21.8 గ్రాములు. మీ మీటరు చూపించే శాతం, ఆ వేడి దగ్గర నిలవగలిగినదానిలో ఇప్పుడు ఉన్నది ఎంత అనే లెక్క మాత్రమే. బయట 2 డిగ్రీల చలిలో ఉన్న గాలి మంచు తడితో బరువెక్కినట్లు కనిపించినా, ఘనమీటరుకు దానిలో ఉండేది నాలుగైదు గ్రాములే. అది కిటికీ సందుల్లోంచి, తలుపు కిందినుంచి లోపలికి వచ్చి 24 డిగ్రీలకు వేడెక్కితే తేమ శాతం 20 దగ్గరికి వచ్చేస్తుంది. మీకు 22 చూపిస్తోందంటే, ఆ మిగతా రెండూ మీ ఊపిరి చలవే అనుకోవచ్చు. నిద్రపోతున్న మనిషి శ్వాస ద్వారా, చర్మం ద్వారా గంటకు ముప్పై నలభై గ్రాముల నీటిని గదికి ఇస్తూనే ఉంటాడు.

కాబట్టి గది ఎండిపోవడానికి అసలు కారణం సందులు. తేమతో ఉన్న లోపలి గాలి బయటికి పోతూ, పొడిగా ఉన్న బయటి గాలి లోపలికి వస్తూ ఉంటుంది. వేడి గాలి తేలిక కనుక పైనుంచి పోతుంది, చల్ల గాలి కిందినుంచి చొరబడుతుంది. బయట చలి ఎంత పెరిగితే ఈ రాకపోకలు అంత వేగంగా సాగుతాయి.

ఇక పళ్లెం సంగతి. నాకూ ఒకప్పుడు ఇదే సందేహం వచ్చి, 30 సెంటీమీటర్ల వెడల్పున్న పళ్లెంలో నీళ్లు పోసి, వంటింట్లో వాడే చిన్న ఎలక్ట్రానిక్ తూనికపై పెట్టి, రాత్రి పది గంటలకు ఒకసారి, పొద్దున ఆరింటికి ఒకసారి అంకె రాసుకున్నాను. ఎనిమిది గంటల్లో తగ్గింది 45 గ్రాములు. గంటకు ఆరు గ్రాములు కూడా కాదు! మరుసటి రాత్రి అదే గదిలో, పిండిన స్నానపు తువ్వాలును కుర్చీ వీపు మీద కాకుండా తాడు మీద విప్పి ఆరేసి, ముందూ వెనకా తూచాను. మొదటి నాలుగు గంటల్లోనే 350 గ్రాములు పోయాయి. రెండింటిలో ఉన్నదీ నీరే. తేడా అంతా గాలికి తగిలే వైశాల్యంలో ఉంది. పళ్లెంలో గాలికి తగిలేది పై ముఖం ఒక్కటే. తువ్వాలుకు రెండు వైపులూ కలిపి రెండు చదరపు మీటర్లకు పైగా ఉంటుంది.

మీ గదికి ఎంత నీరు కావాలో ఇప్పుడు లెక్క వేద్దాం. గది ఘనపరిమాణం 54 ఘనమీటర్లు. ముందు హీటర్‌ని 24 నుంచి 21కి తగ్గించండి. చుక్క నీరు కలపకుండానే ఇప్పుడున్న 22 శాతం 26 అవుతుంది. నా దృష్టిలో ఇంతకంటే చౌకైన తేమ ఇంకొకటి లేదు. అక్కడినుంచి 40 శాతానికి తేవాలంటే ఘనమీటరుకు 2.6 గ్రాముల చొప్పున నీరు కలపాలి. గదిలో గాలి ఒక్కసారికైతే 140 గ్రాములతో పని అయిపోయేది. కాని గాలి నిలవదు కదా. ఓ మోస్తరు బిగుతున్న గదిలో రెండు గంటలకొకసారి గాలి మొత్తం మారుతుందనుకుంటే గంటకు 70 గ్రాములు, అంటే ఎనిమిది గంటల రాత్రికి అరలీటరు పైచిలుకు, రోజంతా అయితే లీటరున్నర దాటి కావాలి. సందులు ఎక్కువగా ఉండి గాలి గంటకొకసారి మారిపోతుంటే దీనికి రెట్టింపు. గంటకు 70 కావలసిన చోట పళ్లెం ఆరు ఇస్తోంది. మీ మీటరు కదలకపోవడంలో వింత ఏముంది? తడి తువ్వాలు మాత్రం గట్టి సాయమే, రాత్రిలో ఒకసారి మళ్లీ తడపగలిగితే. ఉతికి పిండిన బట్టలు ఒక విడత గదిలో ఆరేసుకున్నా, అవి ఆరేలోగా లీటరుకు పైగా నీరు గాలిలోకి చేరుతుంది. అయితే నీళ్ల పళ్లేన్నీ తడి గుడ్డనూ ఎలక్ట్రిక్ హీటర్ మీద మాత్రం ఎప్పుడూ పెట్టకండి; త్వరగా ఆరుతుందని కొందరు ఆ పని చేస్తారు, అది షాక్‌కీ నిప్పుకీ దారి.

ఇంకొక్క మాట. యంత్రం కొనేముందు మీటరును పరీక్షించండి. ఈ చిన్న మీటర్లు నాలుగైదు శాతం అటూ ఇటూ చూపించడం మామూలే. ఒక సీసా మూతలో చెంచాడు వంట ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంత మేరకే కొన్ని చుక్కల నీరు కలపండి. ఉప్పు పూర్తిగా కరిగిపోకూడదు. ఆ మూతనూ మీటరునూ గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో ఒకదానికొకటి తగలకుండా పెట్టి, మూత బిగించి పది పన్నెండు గంటలు కదపకుండా వదిలేయండి. ఉప్పుకీ నీటికీ మధ్య తూకం కుదిరాక డబ్బాలోని గాలి 75 శాతం తేమ దగ్గర స్థిరపడుతుంది. మీ మీటరు ఎంత చూపిస్తే అంత రాసుకుని, ఆ తేడాను ఇకముందు చూసే అంకెలకు కలుపుకోండి లేదా తీసేయండి. 75 దగ్గరున్న తేడా 25 దగ్గర అచ్చంగా అంతే ఉంటుందని చెప్పలేం గాని, గుడ్డిగా నమ్మడం కంటే ఇది ఎంతో నయం.

పాతపనిముట్టు

లెక్కలన్నీ తూనికరాయి గారు చెప్పేశారు కనుక నేను యంత్రాల సంగతికే పరిమితమవుతాను. పదేళ్లుగా మా ఇంట్లో మూడు రకాలూ వాడాను. రెండింటిని నా చేతులతోనే విప్పి బాగుచేసుకున్నాను.

ఆవిరి యంత్రం నీటిని మరిగించి ఆవిరిగా వదులుతుంది. మరిగిన నీరు కనుక సూక్ష్మజీవుల బెడద తక్కువ, లవణాలు లోపలే గారగా మిగిలిపోతాయి. కాని మీ ఇంట్లో ఆరేళ్ల పాప ఉంది. మంచం పక్కన మరిగే నీళ్ల పాత్ర ఉంచడం, దాని తీగ నేల మీద వేలాడటం నాకు ససేమిరా నచ్చదు. పిల్లలున్న గదికి చల్లని తేమనిచ్చే రకాలే తీసుకోండి.

పొగమంచులా వదిలేది అల్ట్రాసోనిక్ రకం. అడుగున చిన్న బిళ్ల ఒకటి సెకనుకు లక్షల సార్లు కంపిస్తూ నీటిని కంటికి కనబడనంత సన్నని తుంపరలుగా చిమ్ముతుంది. చప్పుడు ఉండదు, ధర తక్కువ, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. అందుకే అందరూ ముందు దీన్నే కొంటారు, నేనూ అలాగే కొన్నాను. మూడో రోజు నల్లటి టీవీ తెర మీద వేలితో పేరు రాసుకోగలిగేంత తెల్లటి పొడి పేరుకుంది. గోడ సున్నం రాలుతోందేమోనని పైకప్పు చూశాను గాని, అది కుళాయి నీటిలోని లవణం. ఈ రకం యంత్రం నీటిని ఆవిరి చేయదు, తుంపరలుగా విసురుతుంది. తుంపర గాలిలో ఆరిపోయాక అందులోని ఉప్పంతా పొడిగా మిగులుతుంది. లీటరుకు 300 మిల్లీగ్రాముల లవణాలున్న నీటిని రోజుకు రెండు లీటర్లు వాడితే, 600 మిల్లీగ్రాముల పొడిని మీరు చేతులారా గదిలో చల్లుకుంటున్నట్లే. టీవీ మీద పడింది తుడిచేసుకోవచ్చు, ఊపిరితిత్తుల్లోకి వెళ్లినదాన్ని ఎవరు తుడుస్తారు? పక్కనే గాలిని శుభ్రపరిచే యంత్రం ఉంటే అది ఎర్ర దీపం వెలిగించి హోరెత్తిపోవడానికి కూడా కారణం ఇదే. ఈ రకం వాడాలంటే డిస్టిల్డ్ నీరు, అంటే ఆవిరి పట్టి లవణాలు తీసేసిన నీరు, తప్పనిసరి. కాచి చల్లార్చితే క్రిములు చస్తాయి గాని లవణాలన్నీ పోవు.

మూడోది ఫ్యాను, వత్తి ఉన్న రకం. తొట్టిలో సగం మునిగిన మందపాటి వత్తి నీటిని పైకి పీల్చుకుంటుంది, ఫ్యాను దాని గుండా గాలిని తోలుతుంది. తూనికరాయి గారి తువ్వాలుకే ఫ్యాను తగిలించినట్లు అనుకోండి. బయటికి వచ్చేది నిజమైన ఆవిరి కనుక తెల్ల పొడి రాదు, లవణాలు వత్తిలోనే చిక్కుకుంటాయి. దీనిలో నాకు నచ్చిన గుణం ఇంకొకటి ఉంది. గదిలో తేమ పెరిగేకొద్దీ వత్తి ఆరే వేగం తనంతట తానే తగ్గుతుంది. కాబట్టి మరిచిపోయి వదిలేసినా గది చిత్తడి కావడం అరుదు. అల్ట్రాసోనిక్‌కి ఆ తెలివి లేదు, ఆపేవారు లేకపోతే పరుపు తడిసేదాకా చిమ్ముతూనే ఉంటుంది. ఫ్యాను రకానికి కరెంటు ఖర్చు కూడా నామమాత్రం. లోపాలు లేవని కాదు: ఫ్యాను రొద ఉంటుంది, ఒకటి రెండు నెలలకు వత్తి గట్టిపడి మార్చాల్సి వస్తుంది.

ఏ రకమైనా సరే, శుభ్రం చేయలేనివారు కొనకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. నిలవ నీటి తొట్టి గోడల్ని రెండు రోజుల తరవాత వేలితో రాసి చూడండి, పాకుడు జిగురుగా తగులుతుంది. ఆ జిగురులో పెరిగే బాక్టీరియానూ బూజునూ యంత్రం నేరుగా మీ ముక్కు దగ్గరికి చేరుస్తుంది. జ్వరం, దగ్గు, ఆయాసం రావడానికి అది చాలు. రోజూ మిగిలిన నీరు పారబోసి తొట్టి తుడిచి ఆరబెట్టి కొత్త నీరు పోయాలి; మూడు రోజులకొకసారి తొట్టిని పూర్తిగా తోమాలి. గార పట్టిన చోట వెనిగర్ పోసి అరగంట నానబెట్టి, మెత్తని బ్రష్షుతో రుద్ది, వాసన పోయేదాకా కడగాలి. సీజను అయిపోయాక తడి ఆరకుండా అటక మీద పెట్టేస్తే, మరుసటి ఏడు మీరు తీసేది హ్యూమిడిఫయర్‌ని కాదు, బూజు పెంచిన కుండీని.

తొట్టిలో నీరు తప్ప మరేమీ కలపవద్దు. సువాసన నూనెలూ వద్దు, క్రిములు పెరగకుండా అని అమ్మే ద్రవాలూ వద్దు. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, దక్షిణ కొరియాలో 1994 నుంచి హ్యూమిడిఫయర్ నీటిలో కలపడానికని క్రిమిసంహారక ద్రవాలు బహిరంగంగా అమ్ముడుపోయాయి. 2011లో గర్భిణులు, బాలింతలు అంతుచిక్కని ఊపిరితిత్తుల జబ్బుతో వరుసగా ఆసుపత్రుల పాలైనప్పుడు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య అధికారులు ఆరా తీసి, కారణం ఆ ద్రవాలేనని తేల్చి వాటిని అంగళ్లనుంచి వెనక్కి రప్పించారు. అప్పటికే ఎందరో ప్రాణాలు కోల్పోయారు, వారిలో పసిపిల్లలూ ఉన్నారు. చర్మానికి తగిలినప్పుడు పెద్దగా హాని చేయని పదార్థం కూడా, సన్నని తుంపరగా మారి ఊపిరితిత్తుల లోతుకు చేరినప్పుడు విషమవుతుంది. శుభ్రం కోసం కలుపుకున్నదే ప్రాణం తీసిందంటే ఇంకేం చెప్పాలి!

తూనికరాయి

పాతపనిముట్టు గారి మాటలన్నింటితోనూ ఏకీభవిస్తూనే, కరెంటు ఖర్చు నామమాత్రం అన్నచోట చిన్న సవరణ. లీటరు నీరు ఆవిరి కావడానికి ఎక్కడినుంచైనా సుమారు 0.68 యూనిట్ల వేడి కావాలి. ఇది నీటి స్వభావం, ఏ యంత్రమూ తప్పించుకోలేదు. ఆవిరి యంత్రం ఆ వేడిని గోడ ప్లగ్గునుంచి తీసుకుంటుంది. ఫ్యాను రకం గదిలోని గాలినుంచి తీసుకుని గదిని కాస్త చల్లబరుస్తుంది. ఆ లోటును మీ హీటర్ పూడుస్తుంది. బిల్లులో అంకె హ్యూమిడిఫయర్ పద్దులో కాకుండా హీటర్ పద్దులో పడుతుందంతే. అయినా పిల్లల గదికి ఫ్యాను రకమే మంచిదన్న సలహాలో మార్పేమీ లేదు.

మంచుపొద్దు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఉప్పు పరీక్ష చేశాను. పన్నెండు గంటల తరవాత డబ్బాలో మీటరు 70 చూపించింది, అంటే 5 తక్కువ చూపిస్తోంది. ఆ లెక్కన నా గదిలో తేమ 22 కాదు, 27 దగ్గర ఉండి ఉండాలి. హీటర్‌ని 21కి తగ్గించాను. తువ్వాలూ లేదు, పళ్లెమూ లేదు, అయినా మీటరు 27 చూపిస్తోంది, అంటే అసలు 32. మొదటి రాత్రి కాస్త చలేసింది గాని ఇంకో దుప్పటితో సరిపోయింది.

ఆ ఉత్సాహంలో నిన్న రాత్రి రెండు పెద్ద తువ్వాళ్లు ఆరేసి, తలుపు కింద సందుకు పాత దుప్పటి చుట్టి పెట్టాను. పొద్దునకి మీటరు 41 చూపించింది, అంటే 46. గొంతు హాయిగా ఉంది. కాని కిటికీ అద్దాల మీదనుంచి నీళ్లు ధారలు కట్టి, చెక్క చట్రం అడుగున మడుగుగా నిలిచాయి. గుడ్డతో ఒత్తితే గుడ్డ తడిసి పిండేలా అయింది. 50 శాతం దాకా ఆరోగ్యానికి మంచిదేనని ఎక్కడో చదివాను, మరి 46కే ఇలా ఎందుకైంది?

నాలుగుతంత్రులు

మీ కిటికీకి ఒకే పొర అద్దం ఉండి ఉంటుందని ఊహిస్తున్నాను. 30 నుంచి 50 శాతం మధ్య అనే సలహా మనుషుల సుఖాన్ని దృష్టిలో ఉంచుకుని చెప్పేది. దానిలో పైమెట్టు ఎక్కడ ఆగాలో మాత్రం మీ ఇంట్లో అన్నింటికంటే చల్లగా ఉండే చోటే నిర్ణయిస్తుంది. 21 డిగ్రీల గదిలో 40 శాతం తేమ ఉంటే, 7 డిగ్రీలకు చల్లబడిన ఏ వస్తువు మీదైనా ఆ తేమ నీరుగా దిగుతుంది. దీనినే పాఠాల్లో తుషార స్థానం అని చదువుకున్నాం. 50 శాతమైతే 10 డిగ్రీల దగ్గరే దిగుతుంది, 35 అయితే 5 డిగ్రీలకు గాని దిగదు. బయట సున్నా దగ్గర ఉన్నప్పుడు ఒంటిపొర అద్దం లోపలి ముఖం ఐదారు డిగ్రీలే ఉంటుంది. రెండు పొరల అద్దమైతే 13 దాకా ఉంటుంది. అందువల్ల మీ కిటికీతో మీరు 35 దగ్గర ఆగక తప్పదు. చలి బాగా ముదిరిన రాత్రుల్లో ఇంకా తగ్గించాలి.

అద్దం మీద నీరు కంటికి కనిపిస్తుంది కాబట్టి అది నయం. నాకు భయం కలిగించేది కనిపించని చోటు. మా ఇంట్లో బయటి గోడకు ఆనించి ఉన్న బట్టల బీరువాను రెండేళ్ల తరవాత జరిపితే, దాని వెనక బీరువా ఆకారంలోనే నల్లటి బూజు అచ్చు వేసినట్లు పట్టి ఉంది. గది వేడి ఆ గోడకు చేరకుండా బీరువా అడ్డుపడింది, తేమ మాత్రం చేరింది. బయటి గోడలనుంచి సామాన్లను ఓ జానెడు ఎడంగా జరపండి. తేమ 50 దాటి రోజుల తరబడి నిలిస్తే పరుపుల్లో, తివాచీల్లో ధూళి పురుగులకు పండగే, ఉబ్బసం ఉన్నవారికి అవే శత్రువులు.

నేను ఈ తేమ గొడవలో పడింది వయొలిన్ వల్ల. ఒక చలికాలం వాయిస్తుండగా మంద్రంలో తేనెటీగ రొదలాంటి చప్పుడు మొదలైంది. తంత్రులు మార్చాను, వాటిని ఎత్తి పట్టే చెక్క గుర్రం సరిచేశాను, పోలేదు. చివరికి వాద్యాన్ని దీపం ముందు పెట్టి వేలి కణుపుతో అంచు చుట్టూ తట్టుకుంటూ పోతే, ఒక చోట చప్పుడు బోలుగా మారింది. వెనక పలక అంచు దగ్గర వెంట్రుకవాసి సందు విచ్చుకుని ఉంది. కలప ఎండితే పొడవునా పెద్దగా తగ్గదు, అడ్డంగా కుంచించుకుంటుంది. మీ గది తలుపు వదులైందీ అందుకే. బాగుచేసిన ఆయన జిగురు పెట్టి బిగించి, వాద్యాన్ని 40కి తక్కువ కాని తేమలో ఉంచమన్నారు. దాని కోసం గది మొత్తాన్ని తడపకుండా, వాద్యం పెట్టెలోనే చిన్న తేమ గొట్టం, చిన్న మీటరు పెట్టుకున్నాను. చర్మం విషయంలోనూ ఇదే పద్ధతి మేలనిపిస్తుంది: గదిని 35 దగ్గర ఉంచి, మిగతాది పాప ఒంటి మీదే చూసుకోండి. గోరువెచ్చని నీటితో త్వరగా స్నానం ముగించి, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే మందపాటి మాయిశ్చరైజర్ రాస్తే, గదిలో తేమ ఇంకో పది శాతం పెంచినదానికంటే ఎక్కువ గుణం కనిపిస్తుంది. ముక్కుకు ఉప్పునీటి చుక్కలు వేయవచ్చు. నెత్తురు కనబడటం మాత్రం ఆగకపోతే డాక్టరుకు చూపించండి, అన్నింటినీ గాలి మీదికి నెట్టేయకూడదు.

మీటరును కిటికీ గట్టు మీదా హీటర్ ఎదురుగానూ పెట్టకండి. లోపలి గోడకు, మంచం ఎత్తులో ఉంచితే మీరు పీల్చే గాలి సంగతి చెబుతుంది.

మంచుపొద్దు

పది రోజుల తరవాత మళ్లీ రాస్తున్నాను. వత్తి ఉన్న ఫ్యాను రకం తీసుకుని మంచానికి రెండు మీటర్ల దూరంలో, నేల మీద కాకుండా బల్ల మీద పెట్టాను. మొదటి రెండు రోజులూ తొట్టెడు నీరు తాగింది గాని మీటరు కదలనే లేదు. యంత్రం చెడిపోయిందేమో, తిరిగి ఇచ్చేద్దామా అని కూడా అనుకున్నాను.

తూనికరాయి

చెడిపోలేదండీ. పరుపు, దుప్పట్లు, పుస్తకాలు, చెక్క సామాను అన్నీ మీ గాలికంటే ముందే ఎండిపోయి ఉన్నాయి. మీరు పోసిన నీటిని ముందు అవి తాగాయి. వాటి దాహం తీరాకే గాలికి మిగులుతుంది. మూడో రోజునుంచి పెరిగి ఉండాలే?

మంచుపొద్దు

మూడో రోజు సాయంత్రంనుంచే పెరిగింది. ఇప్పుడు మీటరు 30, 31 మధ్య ఆడుతోంది, అంటే అసలు 35, 36. రాత్రికి ముప్పావు లీటరు పోతోంది. లెక్కలో వచ్చినదానికంటే కాస్త ఎక్కువే, తలుపు కింద దుప్పటి తీసేసినందుకేమో. తెల్లవారుజామున అద్దం కింది అంచున బెత్తెడు మేర మసక కడుతోంది, ధారలు మాత్రం లేవు. చట్రాన్ని పొడి గుడ్డతో ఒకసారి తుడిస్తే సరిపోతోంది. తలుపు గడియ షాక్ కొట్టడం మానేసింది. పాప రాత్రి గోక్కోవడం బాగా తగ్గింది, అయితే అది గాలి వల్లో, స్నానం కాగానే రాస్తున్న మాయిశ్చరైజర్ వల్లో విడదీసి చెప్పలేను. నా ముక్కులో పక్కులు ఇంకా కడుతున్నాయి గాని నెత్తుటి చార కనిపించి వారమైంది.

బీరువా వెనక కూడా చూశాను. బూజు లేదు గాని గోడ చేతికి చల్లగా తగిలింది, జానెడు ముందుకు జరిపాం. వత్తి పైఅంచున అప్పుడే పసుపు కలిసిన తెల్లటి గార గీతలా కట్టింది, గోటితో గీకితే ఇసుకలా రాలుతోంది. రేపు పొద్దున తొట్టి తోమేటప్పుడు దాన్ని కూడా వెనిగర్‌లో నానబెడతాను.